చల్లని ఇల్లు కావాలి

పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక ఆ చుట్టుపక్కల ప్లాట్ల బేరం ఊపందుకుంది. బెంగళూరుకు సుమారు వంద కిలోమీటర్లలో ఉన్న హిందూపురంలోనూ అంతే. అమ్మేవాళ్లు గజం ధర చెబుతారు, వాస్తు చెబుతారు. మే నెల మధ్యాహ్నం ఆ ఇంట్లో కూర్చోగలమా అన్నది చెప్పరు.

రాయలసీమలోని పాత మట్టి మిద్దెలు ఆ ప్రశ్నకు జవాబుగానే కట్టారు: మందపాటి రాతి గోడలు, దూలాల మీద చవుడు మట్టి, వెలుగుకు గవాక్షం. ఏటా చవుడు వేసే చాకిరీ భరించలేక జనం స్లాబుకు మారారు. వాళ్లను తప్పుపట్టలేం. అయితే ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు వాటాయే 7, 8 శాతం. పైగా కాలే స్లాబు కింద ఏసీ ఖర్చు.

ధర్మవరంలో చాలామందికి మగ్గం ఇంట్లోనే. గది వేడెక్కితే నేత ఆగుతుంది, కూలి తగ్గుతుంది. అందుకే నేతన్నల ఇళ్ల పథకాలకు నమూనా మగ్గం గది నుంచే మొదలవ్వాలి: స్థానిక రాయి, ఎదురెదురు కిటికీలు, మిద్దెపై తెల్ల సున్నం. 2024 నాటి పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. మిగతా సొమ్ముకు బ్యాంకులు గృహరుణంలోనే చోటివ్వాలి. లేఅవుట్ అనుమతికి మున్సిపాలిటీలు చెట్ల నీడను షరతుగా పెట్టాలి, ఈ వేసవి లోపే.