గాలం కొనబోతున్నారా?

మండవల్లిలో వుండే మా మేనల్లుడు మొన్న ఫోను చేసి, "మామయ్యా, ఐదు వేలు పెట్టి రీలు గాలం కొందామనుకుంటున్నాను. నాన్నగారికి కాస్త నచ్చచెప్పవూ?" అన్నాడు. వెనక నుంచి మా బావగారి గొంతు వినిపించింది. "ఆ ఐదు వేలకూ ఎన్ని ఆదివారాలు చేపలు కొనుక్కు తినొచ్చో లెక్క వేసి చెప్పమను మీ మామయ్యని!"

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కొల్లేటి పక్కన పుట్టినవాడికి గాలమంటే వెదురు కర్ర, మూరెడు బెండు, ఒక ముల్లు, కొబ్బరి చిప్పలో నాలుగు ఎర్రలు. మొత్తం కలిపి వంద రూపాయలు కావు. కుర్రవాడివి చూడబోతే ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసి మూడు నెలలుగా కూడబెట్టిన డబ్బులు. కొన్న వస్తువు పది రోజుల్లో అటకెక్కితే ఆ మాట ఆ ఇంట్లో పదేళ్ళు వినిపిస్తుంది. ఈ సంగతి మా వాడొక్కడిదే కాదు. సెల్‌ఫోనులో ఎవరో పట్టిన చేపను చూసి ముచ్చటపడి, ఏది కొనాలో తెలియక తికమకపడే పిల్లలు ఎందరి ఇళ్ళలోనో వున్నారు. అంచేత ఈ వారం ఆ ముచ్చటే చెప్పుకుందాం.

ముందు తేల్చుకోవలసింది ఏ రీలు అని కాదు, ఏ చేప అని. పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు పట్టుకుంటాను అంటారా? అయితే ఈ వ్యాసం ఇక్కడితో ఆపి వెదురు కర్ర నరుక్కోండి. దాన్ని మించినది లేదు. ఎర్రను గుచ్చిన ముల్లు, బెండు కలిసి నాలుగైదు గ్రాములైనా తూగవు. మా వాడు కోరుకున్న బెయిట్‌కాస్టింగ్ రీలు అంత తేలిక వస్తువును విసరలేదు. కాదు, నాకు కావలసింది కొర్రమేను అంటారా, అప్పుడు మాట్లాడుకోవలసిందే.

రీళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. ఒక దాంట్లో దారం చుట్టిన కండె కదలదు. దారమే కండె కొస మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. దీన్ని స్పిన్నింగ్ రీలు అంటారు, బెత్తానికి కింది వైపు వేలాడుతుంది. ఇంగ్లండులో ఉన్ని మిల్లుల కుటుంబానికి చెందిన ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన 1905లో ఇలాంటి రీలుకు పేటెంటు తీసుకున్నాడు. మిల్లులో కండె కొస నుంచి నూలు జారడం రోజూ చూసినవాడికి ఆ ఆలోచన రావడంలో వింత లేదు. మన మగ్గాల వాళ్ళు నాడెలో కండె పెట్టేదీ ఆ పద్ధతి మీదనే కదా.

రెండోది బెయిట్‌కాస్టింగ్ రీలు. ఇది బెత్తం పైన కూర్చుంటుంది. ఇందులో దారం పోతున్నంతసేపూ కండె గిరగిరా తిరుగుతుంది. మన బావి గిలకకు చిన్నన్న అనుకోండి. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు జార్జి స్నైడర్ అనే గడియారాలు చేసే ఆయన, పందొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో, పిడి ఒక్క చుట్టు తిప్పితే కండె అనేక చుట్లు తిరిగేలా పళ్ళ చక్రాలు బిగించిన రీళ్ళు చేశాడని ప్రసిద్ధి. స్వీడన్‌లో 1921లో గడియారాల కోసం పెట్టిన ఫ్యాక్టరీయే తరవాత అబు అనే పేరుతో రీళ్ళలోకి దిగి, 1952లో అంబాసిడర్ 5000 అనే రీలును విడుదల చేసింది. ఈ రీలుకూ గడియారాల వాళ్ళకూ ఏదో చుట్టరికం వున్నట్టుంది. లోపల విప్పి చూస్తే మీరూ ఒప్పుకుంటారు.

మరి ఇంత గొప్ప వస్తువుతో చిక్కేమిటి? చిక్కే చిక్కు! చిన్నప్పుడు గాలిపటం ఎగరేసిన వాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. గాలిపటం జోరుగా లాగుతుంటే చేతిలో కండె తిరుగుతుంది. పటం ఉన్నట్టుండి ఆగిపోతే? కండె మాత్రం ఊపున ఇంకా తిరుగుతూనే వుంటుంది, దారం వదులై పిచ్చుకగూడు కడుతుంది. ఇక్కడా అంతే. ఎర నీటిని తాకి ఆగుతుంది, కండె ఆగదు. కొత్తవాడు మొదటి రోజు చేపలు పట్టడు, చిక్కులు విప్పుతాడు. అటకెక్కే రీళ్ళలో చాలా భాగం ఈ కారణాన్నే ఎక్కుతాయి.

అయినా కొర్రమేనుకు నేను ఈ రీలుకే ఓటు వేస్తాను. ఎందుకంటారా? కొర్రమేను మొప్పలతో బాటు నేరుగా గాలి కూడా పీల్చే చేప. కొంతసేపటికొకసారి పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి పోతుంది. ఆ చిన్న సుడి కనిపించేదెక్కడ? గుర్రపుడెక్కల మధ్య బెత్తెడు ఖాళీలో, తామరాకుల అంచున, కిక్కిస మొదట్లో. ఎరను సరిగ్గా అక్కడే దించాలి. కండె మీద బొటనవేలు ఆనించి వుంచితే ఎరను గాలిలోనే మందగింపజేసి, అనుకున్న చోట దింపవచ్చు. చేప ఎరను అందుకున్నాక తూడుల్లోకి దూరకుండా ఒక్క గుంజుతో పైకి తీసుకురావాలి. దానికి దళసరి దారం కావాలి, బిగువైన పట్టు కావాలి. రెండింటికీ ఈ రీలే అనువు.

సరే, అంగట్లోకి వెడదాం. అంగడి ఈ రోజుల్లో ఫోనులోనే వున్నది గనుక మరీ జాగ్రత్తగా వెళ్ళాలి.

ఐదు వేలలో సగం రీలుకే పెట్టండి. పెట్టెమీద మొదట కనిపించేది బేరింగుల సంఖ్య. పన్నెండనీ, పద్దెనిమిదనీ పెద్ద అక్షరాలతో వేస్తారు. దాన్ని చూసి మురిసిపోకండి. నాసి బేరింగులు పద్దెనిమిది కన్నా మంచివి నాలుగు నయం. మీరు చూడవలసింది బ్రేకు. ఈ రీళ్ళలో బ్రేకులు రెండు విధాలు. ఒకటి అయస్కాంతంతో పనిచేసేది, రీలు పక్క బిళ్ళ మీద అంకెలున్న చక్రం తిప్పి సవరించుకోవచ్చు. రెండోది కండె వేగానికి బయటికి జరిగే చిన్న దిమ్మెలతో పనిచేసేది. దీన్ని సవరించడానికి చాలా రీళ్ళలో పక్క బిళ్ళ విప్పాలి. గట్టున నిలబడి విప్పితే దిమ్మె ఎగిరి బురదలో పడుతుంది, ఇక వెతుక్కోండి! కొత్తవాడికి మొదటిదే మేలు. రెండూ వున్న రీలు మీ డబ్బులో దొరికితే అదృష్టమే.

తరవాత ఎడమా కుడీ సంగతి. స్పిన్నింగ్ రీలుకైతే పిడి విప్పి అటు నుంచి ఇటు మార్చుకోవచ్చు. దీనికి ఆ వీలు లేదు. కుడి పిడిది కొంటే ఎప్పటికీ కుడిదే. కొత్తగా నేర్చుకునే కుడిచేతి వాటం వాళ్ళు ఎడమవైపు పిడి వున్నది తీసుకుంటే, కుడిచేత్తో విసిరి చేయి మార్చకుండానే ఎడమచేత్తో చుట్టుకోవచ్చు. బొమ్మ చూసి తొందరపడకుండా వివరాల్లో ఎడమో కుడో చదివి మరీ కొనండి.

గేరు నిష్పత్తి అని మరో అంకె వుంటుంది. 6.3:1 అంటే పిడి ఒక చుట్టుకు కండె ఆరు చుట్ల పైచిలుకు తిరుగుతుందని. ఆరుకూ ఏడుకూ మధ్య ఏదైనా ఫరవాలేదు. దీని గురించి ఇంతకన్నా తల పగలగొట్టుకోనక్కరలేదు.

బెత్తానికి పదిహేను వందలు. ఆరున్నర నుంచి ఏడు అడుగుల పొడవు చాలు. పిడి కింద తుపాకి మీటలా ఒక వేలు కొక్కెం వుంటేనే అది ఈ రీలుకు తగిన బెత్తం. కొక్కెం లేక, కింది వైపు పెద్ద పెద్ద రింగులున్నది స్పిన్నింగ్ బెత్తం. చవకగా వచ్చిందని అది తెచ్చి ఇది బిగిస్తే ఎడ్లబండికి కారు చక్రం వేసినట్టు వుంటుంది. పిడి దగ్గర ఎన్ని గ్రాముల ఎర విసరవచ్చో అచ్చు వేసి వుంటుంది. ఔన్సుల్లో వుంటే ఔన్సుకు 28 గ్రాములని గుణించుకోండి. పది మొదలు ఇరవై, ఇరవై ఐదు దాకా పనికొచ్చే బెత్తం మనకు సరిపోతుంది. బస్సుల్లోనూ రైళ్ళలోనూ తిరిగేవారికి రెండు ముక్కలుగా విడేది సుఖం.

ఇంటికి తెచ్చాక తల్లులు చేయవలసిన పరీక్ష ఒకటుంది. ఒక చిటికెడు దూది తీసుకుని ప్రతి రింగులోనూ దూర్చి చుట్టూ తిప్పండి. దూది పోగు చిక్కుకుందంటే ఆ రింగులో కంటికి ఆనని పగులు వున్నదన్న మాట. అది దారాన్ని కోస్తుంది. ఆ రోజే వాపసు పంపించండి.

ఇంకొక్క మాట, దీన్ని మాత్రం దయచేసి దాటవేయకండి. కార్బన్ బెత్తం గుండా కరెంటు పారుతుంది. మండవల్లి, కైకలూరు ప్రాంతంలో చేపల చెరువుల గట్ల మీద మోటార్లకూ, నీటిలో గాలి ఆడించే యంత్రాలకూ లాగిన తీగలు తలెత్తితే చాలు కనిపిస్తాయి. ఏడడుగుల బెత్తం పైకెత్తి విసిరేవాడికి ఆ తీగ ఎంత దూరమో ఆ క్షణంలో గుర్తుండదు. అందుకే మొదటి బెత్తం ఫైబర్ గ్లాసుదే కొనమంటాను. కాస్త బరువు, కాని చవక, గట్టిది, కరెంటును కార్బన్‌లా లాగదు. అలాగని అది కాపాడుతుందని ధీమా పడకూడదు. తడిసిన బెత్తమూ, తడిసిన దారమూ ఏవైనా ప్రమాదమే. తీగ కింద విసరనే కూడదు, ఉరుము వినబడితే సర్దుకుని ఇంటికి రావాలి. మా బావగారితో నేను ముందుగా ఒప్పందం చేసుకున్నది ఈ షరతు మీదనే. డబ్బు సంగతి తరవాత మాట్లాడాం.

దారం మామూలు నైలానుదే, 0.35 మిల్లీమీటర్ల లావుది చాలు. అల్లిక దారం, అదే బ్రెయిడ్, గట్టిదే గాని ఖరీదెక్కువ, చిక్కుపడితే విప్పడం గగనం. దాన్ని చెయ్యి తిరిగాక చూసుకోవచ్చు. కండె నిండా చుట్టకండి. నేర్చుకునే రోజుల్లో సగానికి కాస్త పైగా చుట్టితే కండె తేలికగా వుండి తొందరగా ఆగుతుంది. దారం చుట్టకు మూడు వందల యాభై, రబ్బరు కప్పలు రెండింటికి మరో మూడు వందల యాభై అనుకోండి. కప్ప ముళ్ళు వీపుకు ఆని పైకి తిరిగి వుంటాయి గనుక గుర్రపుడెక్కలో తగులుకోదు. పదిహేను గ్రాముల బరువున్నది ఎంచుకోండి.

మొదటి వారం నీళ్ళ జోలికి పోవద్దు. బడి ఆవరణో, కోత అయిన చేనో చూసుకుని, దారం కొసకు ముల్లు లేకుండా పదిహేను గ్రాముల ఇనప నట్టు కట్టండి. బ్రేకు పూర్తిగా బిగించండి. పిడి పక్కనున్న చిన్న మరను సవరిస్తూ మీట నొక్కితే నట్టు మెల్లగా దిగాలి, నేలను తాకగానే కండె ఆగిపోవాలి. అప్పుడు విసరండి. ఇరవై అడుగులు పోయినా సంతోషమే. బొటనవేలు కండెను తాకీ తాకనట్టు వుండాలి, నట్టు నేలకు దిగబోయే ముందు నొక్కాలి. వేలికి ఈ లెక్క తెలిసేకొద్దీ బ్రేకు ఒక్కొక్క అంకె వదులు చేసుకుంటూ రావచ్చు. చిక్కు మరీ లోపలికి పోకుండా ఉపాయమొకటుంది. మీరు విసరగలిగినంత దూరం కన్నా నాలుగు బారలు ఎక్కువ దారం లాగి, మిగిలిన చుట్ట మీద ఒక టేపు ముక్క అతికించి, లాగిన దారం దానిపైన చుట్టెయ్యండి. చిక్కు టేపు దాటి పోలేదు. చిక్కుపడితే కత్తి తియ్యకండి. బొటనవేలితో కండెను గట్టిగా నొక్కి పట్టి పిడి రెండు చుట్లు తిప్పి, దారం మెల్లగా లాగి చూడండి. చాలాసార్లు అదే విడిపోతుంది.

ఇక ఎక్కడ పట్టాలి? చుట్టుపక్కల నీళ్ళున్నంత మాత్రాన అన్నీ మనవి కావు. పెంపకపు చెరువులో అడగకుండా గాలం వేస్తే దాన్ని దొంగతనమనే అంటారు, సరదా అనరు. కొల్లేటిలో సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా 1999 నుంచి పక్షుల రక్షణ ప్రాంతం. అక్కడ అటవీ శాఖ వారిని అడిగి, వారు కాదంటే మానుకోవలసిందే. తెగిన దారం ఎక్కడా పారేయకూడదు. ఆటపాక కొంగల కాళ్ళకు చుట్టుకుంటే వాటికి అది ఉరి. ఊరి కాలువలు, మురుగు కాలువలు మన కుర్రవాళ్ళకు చాలు. వానలు పడ్డాక నీటి పైన ఎర్రెర్రగా పొర్లే చేపపిల్లల గుంపు కనిపిస్తే దాని మీద ఎర వేయవద్దు. కొర్రమేను తల్లీ తండ్రీ ఆ పిల్లల్ని కాచుకుని కిందనే వుంటాయి. ఆ కోపంలో ఎరను తప్పక కరుస్తాయి, పిల్లలు పక్క చేపల పాలవుతాయి.

లెక్క చూస్తే ఇంకా మూడు వందలు మిగిలాయి. వాటితో పొడుగుమూతి పటకారు ఒకటి కొనండి. కొర్రమేను నోట్లో పళ్ళున్నాయి, ముల్లు వేళ్ళతో తీయకూడదు. ఇంట్లో పసిపిల్లలుంటే వాడని ముళ్ళకు బెండు ముక్కలు గుచ్చి, మూతగల డబ్బాలో పెట్టి, అలమర పై అరలో వుంచండి.