పరాయి గడ్డపై ఆతిథ్య పాఠాలు

మన సంస్థ ఉద్యోగుల ఇండ్లలో ఇంజనీరింగు, వైద్యం అన్న రెండు దారులు సుపరిచితములే. హోటలు నిర్వహణ చదువు మాత్రం నేటికీ కొందరి ఇండ్లలో కొంత సంకోచంతోనే ప్రస్తావనకు వస్తుంది. ఈ సంచికలో మేము ఆ సంకోచాన్ని గురించే ముచ్చటింప దలచినాము.

మా సహోద్యోగి ఒకరి కుమార్తె హోటలు నిర్వహణలో డిగ్రీ ముగించి, జె-1 వీసాపై పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్పుకై అమెరికాలోని ఒక హోటలుకు వెళ్లినది. ఖర్చులకై తండ్రి సహకార పరపతి సంఘంలో అప్పు చేశారు. మొదటి నెలలోనే ఆమె ఫోను చేసి, "నాన్నా, ఈ రోజంతా గదులలో పక్కలు సర్దాను" అన్నది. ఆ మాట బంధువుల చెవిన పడినది. "డిగ్రీ చదివినది పక్కలు వేయడానికా?" అన్నారు. తల్లి కంటతడి పెట్టి, తిరిగి వచ్చేయమన్నది. తండ్రి కొన్నాళ్లు క్యాంటీనులో మాతో కూడ ముభావంగానే ఉండినారు.

ఒకనాటి రాత్రి ఆయన, బిడ్డ వదలివెళ్లిన శిక్షణ ప్రణాళిక నకలు తీసి చదివినారు. ఈ వీసాపై వెళ్లేవారికి ఇట్టి ప్రణాళిక తప్పనిసరి. ఆరు నెలలకు తక్కువ కాని హోటలు శిక్షణలో కనీసం మూడు విభాగాల పని నేర్పవలెనని, గుమాస్తా పని ఐదవ వంతుకు మించరాదని అక్కడి నిబంధన. ఆ కాగితంపై గదుల నిర్వహణ, స్వాగత విభాగం, భోజనశాల అని వరుసగా ఉన్నది. పక్కలు సర్దడం శిక్ష కాదు, మొదటి పాఠమే. ఆయన మనసు కుదుటపడినది.

ఈ వృత్తిలో ఎదిగినవారు ఎందరో క్రింది మెట్టుపైనే మొదలు పెట్టినారు. 1850లో స్విట్జర్లాండులోని ఒక రైతు కుటుంబంలో పదమూడవ సంతానంగా పుట్టిన సేజర్ రిట్జ్, వడ్డన పనితో ప్రారంభించి, 1898లో పారిస్ నగరంలో తన పేరిట హోటలు తెరిచినాడు.

భోజనశాలలో పనిచేయునపుడు ఆ అమ్మాయికి అసలు పరీక్ష ఎదురైనది. ఒక అతిథి, "ఈ సాస్‌లో నువ్వులు ఉన్నాయా?" అని అడిగినాడు. నువ్వులు, వేరుశనగ లేని పచ్చడి అరుదైన ఇంట పెరిగిన బిడ్డ ఆమె. అవి కొందరి ప్రాణాలకే ముప్పు తేగలవన్న ఎరుక ఆమెకు అక్కడనే కలిగినది. అమెరికా చట్టం ప్రధాన అలర్జీ కారకాలుగా గుర్తించిన తొమ్మిది ఆహారాలలో నువ్వులు 2023 నుండి చేరినవి. "ఉండవులెండి" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చినదట. దానిని మింగివేసి, "నాకు తెలియదు, అడిగి వచ్చి చెప్పెదను" అని వంటగదికి వెళ్లినది. సాస్‌లో నువ్వుల నూనె ఉన్నది!

తిరిగివచ్చిన పిదప ఆమె మాతో అన్నది: "తెలియదని చెప్పడం మన వద్ద చిన్నతనం. అక్కడ అదే బాధ్యత." ఆంగ్ల సంభాషణ, వేళకు పని ముగించుట ఆమె నేర్చినవే. కాని ఈ ఒక్క మాటకు ఆ ఏడాది సార్థకమైనదని మా అభిప్రాయం. యంత్రాల ముందు పనిచేయు మనకు కూడ అది వర్తించదా?

నేడు ఆమె హైదరాబాదులో ఒక హోటలులో ఉద్యోగిని. అప్పు వాయిదాలు తానే చెల్లించుచున్నది. పిల్లలను ఇట్టి శిక్షణకు పంపదలచిన తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ప్రయాణానికి ముందే శిక్షణ ప్రణాళికను బిడ్డతో కూర్చుండి చదవండి. ఏ నెలలో ఏ విభాగమో, ఎవరి పర్యవేక్షణలోనో, ఏమి నేర్పెదరో అందులో వ్రాసి ఉండవలెను. అవి లేనిచో సంతకానికి ముందే అడగండి. అవి ఉన్నచో, బిడ్డ చేతిలో చీపురు చూచి చిన్నబోకండి.