కావడి దించుటకొక చోటు

గత అనాస కాపు దినములలో సీతంపేట కొండలలోని సవర గ్రామమొకదానికి పోయి వచ్చితిమి. ఈ కొండలు నాగావళికిని వంశధారకును నడుమ నున్నవి. 2022వ సంవత్సరము ఏప్రిలు మొదలు పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినవి. ఆ గూడ పేరు వ్రాయుట లేదు. మేము చెప్పబోవునది ఆ యొక్క గూడకే చెందినది కాదు. గ్రామము మిక్కిలి పాతది. ఎంత పాతదో వ్రాతమూలకమైన ఆధారము లేకున్నను, అచ్చటి మళ్ల గట్లను చూచినవారికి అవి ఒక తరమువారి పని కాదని తెలియక మానదు.

కొండవాగు దిగు లోయకు అడ్డముగా రాళ్లు పేర్చి, వాని వెనుక మట్టి నింపి, మెట్లు మెట్లుగా మళ్లు కట్టియున్నారు. సున్నము లేదు, సిమెంటు లేదు. అడుగున పెద్దరాయి, సందున చిన్నరాయి. గోడ యొకింత కొండవైపునకు వాలియుండును. కొన్ని గోడలు నిలువెత్తున నున్నవి గాని వాని వెనుకనున్న మడి రెండు మంచముల వెడల్పునకు మించదు. పై మడి నిండిన పిదప నీరు రాతిపలక మీదుగా క్రింది మడిలోనికి జారును. పలక యుండుటచేత పడినచోట నేల కోసుకొనిపోదు. వాన ముమ్మరించినపుడు మిగులు నీరు ప్రక్కకాలువను బట్టి వాగులో కలియును. వాలునకు అడ్డముగా దున్నవలెను, గట్టు వేయవలెను, నీటిని నడిపించవలెను గాని పరుగెత్తనీయరాదు అని పల్లపు రైతులకు మేము ఏటేట చెప్పునదంతయు అచ్చట ఎవ్వరును చెప్పకయే జరుగుచున్నది. వానలు పట్టకముందు ఊరివారందరు కలిసి, జారిన రాళ్లను మరల ఎత్తి పేర్చుదురు. ఎవరి మడి యని చూడరు. పైవాని గట్టు తెగిన క్రిందివాని పంట పోవునని పిల్లలకు సైతము తెలియును. కూలి లేదు; అంబలియు, జీలుగు కల్లును మాత్రమే. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. ఈ గోడలు అంతకు ముందే యున్నవని మా నమ్మకము.

ఈ సవరల భాషను గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి నేర్చుకొని, దానికి 1931లో వ్యాకరణ గ్రంథము నచ్చువేయించిరి. వారి మాట నేర్చుకొన్నవాడు తెనుగువారిలో ఒకడైనను ఉండెను. వారి సేద్యము నేర్చుకొనబోయినవారు మాకు కనబడరు. (వాడుక భాషకై జీవితమంతయు పోరాడిన పంతులుగారు మా యీ గ్రాంథికమును చూచిన యెడల ముందు దీనినే దిద్దియుందురు.)

మేము పోడును పొగడుట లేదు. నరికి కాల్చిన చోటును దీర్ఘకాలము బీడు విడిచినంతవరకు అడవి మరల లేచెడిది. చోటు తగ్గి, బీడు కాలము తగ్గి, ఇప్పుడు మన్ను వాగుపాలగుచున్నది. అయినను ఆ పోడులో చోళ్లు, సామలు, కందులు, బొబ్బర్లు కలిపి చల్లుటలోని వివేకమును కాదనలేము. ఒకటి పోయిన నొకటి దక్కును. కంది వేరు నేలకు బలమిచ్చును. ఆ వాలులలోనే ఇప్పుడు జీడిమామిడియు అనాసయు వచ్చినవి. అనాస పిలకను నాటిన ఏడాదిన్నరకో రెండేండ్లకో కాయ వచ్చును. ఆకులు నేలను కప్పుటచేత మన్నును కొంత పట్టియుంచును. కొండకు తగిన పంట. చిక్కు పంటలో లేదు, కాయ కోసిన పిదప నున్నది.

తెల్లవారుజామున కావళ్లు కొండ దిగును. మేము లెక్కించిన కావడిలో 24 కాయలుండెను. వాగు దాటి, రాళ్లబాట దిగి, సంత చేరునప్పటికి ఎండ యెక్కును. దారిలోనే వర్తకుని మనిషి యెదురువచ్చి కాయలను వ్రేలితో మీటి, నోటికి వచ్చిన ధర చెప్పును. అప్పటి బేరము బేరము కాదు. వర్తకునకు ఈ కావడి కాకున్న మరియొక కావడి కలదు. తెచ్చినవానికి మరియొక కొనుగోలుదారు లేడు. పండిన అనాస ఎండలో నిలువదు, దూరమునకు పోవునని పచ్చిగా కోసిన దానికి ఆ పైన తీపి రాదు. ఇంతకు తక్కువకు ఏల యిచ్చితివని ఒక ముదుసలిని అడిగితిమి. "దింపిన కావిడి మళ్లీ కొండెక్కుతాదా బాబూ?" అని నవ్వినది. అర్థశాస్త్రమున ధర నిర్ణయమును గూర్చి మేము చదివినదానిలో ఇంత తేటయైన మాట లేదు.

మిషను బడిలో చదువుకొన్న కాలమున తప్పుత్రాసు పాపమని నేర్చితిమి. త్రాసే లేకుండ మోసము జరుగునని ఆ బడిలో ఎవరును చెప్పలేదు.

చట్టములు లేకపోలేదు. 1917వ సంవత్సరపు ఏజెన్సీ చట్టము వడ్డీ ఏడాదికి నూటికి 24 రూపాయలు మించరాదని విధించినది. 1970వ సంవత్సరపు 1వ రెగ్యులేషను గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండ కట్టడి చేసినది. ఇవి మంచి గోడలే. కాని చోళ్లు నిండుకొని, మామిడి టెంకల పిండితో అంబలి కాచుకొను దినములలో వర్తకుడు కొంత బియ్యమును కొంత రొక్కమును ఇచ్చి, రాబోవు కాయను తనకే వేయవలెనని మాట పుచ్చుకొనును. వడ్డీ యను పేరు లేదు, పత్రము లేదు, భూమి ప్రసక్తి లేదు. వడ్డీయంతయు కాయ ధరలో దాగియున్నది. ధరలో దాగిన వడ్డీని ఏ కచేరీయు పట్టుకొనజాలదు. పోటీగా కొనువాడు మాత్రమే పట్టుకొనగలడు.

1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ యున్నది గదా యని కొందరందురు. ఉన్నది, చింతపండు, కుంకుడు, జిగురు, కొండచీపుళ్లు కొని మేలే చేయుచున్నది. అవి నిలువయుండు సరకులు. అనాసకు మూడు దినముల ఆలస్యమైనను చేటే. కొండవారికిచ్చిన అప్పు తిరిగి రాదని మరికొందరందురు. ఈ మాట మాకు విసుగు పుట్టించును. వర్తకుడిచ్చిన అప్పు పైసాతో సహా తిరిగి వచ్చుచునే యున్నది. ఏలయనగా అతడు అప్పిచ్చుచోటనే పంటను కొనుచున్నాడు. మనము అప్పు ఒకచోట నిచ్చి, పంటను మరియొకనికి వదలి, వసూలు కాలేదని వాపోవుచున్నాము. గిరిజన ప్రాంతములలో అప్పు, సరకులు, అమ్మకము ఈ మూడును ఒకే సంఘము చేతిలో నుండవలెనని 1971లో బావా అధ్యయన బృందము చెప్పియే యుండెను.

కావున మా సంఘము పాలకవర్గమును కోరునది స్వల్పము. సంతలో కాదు, కొండబాట దిగి మొదటి బండిదారి తగులుచోట ఒక పాక వేయవలెను. అందులో త్రాసును, తూకము వ్రాసియిచ్చు చీటియు, సవర మాట వచ్చిన గుమాస్తాయు ఉండవలెను. గుమాస్తా ఆ గూడలవాడే యైన మరియు మంచిది. చదివిన పిల్లలు లేరనుట అబద్ధము. నాటి పట్టణపు ధరను పలకపై వ్రాసి, చదువురానివారికి చదివి వినిపించవలెను. సంఘము అన్ని కాయలను కొననక్కరలేదు. కావడి దించి నీడలో ఒక పూట నిలువగల చోటున్నచో వర్తకుడే ధర పెంచును. మిగిలిన కాయను రసముగనో, ఎండబెట్టిన ముక్కలుగనో చేయుట రెండవ యేటి మాట. ఆ లెక్క తేలకముందే యంత్రములు కొని తుప్పు పట్టించిన సంఘములను మేమెరుగుదుము.

అప్పు జ్యేష్ఠమునకు ముందే చేతికందవలెను, రొక్కమునకంటె ధాన్యరూపమున నున్న మేలు. చీటి చూపి పాకలో కాయ వేసినపుడు మూడవవంతునకు మించకుండ పట్టుకొని మిగిలినది అప్పుడే యియ్యవలెను. అంతయు పట్టుకొన్నచో మరుసటి కావడి పాక వెనుక దారిన వర్తకునివద్దకే పోవును.

ఈ విషయమును వచ్చు సర్వసభ్య సమావేశము వరకు ఆపక పాలకవర్గము వెంటనే చర్చకు తీసికొనవలెనని మనవి. పాకకు కావలసిన కర్రయు రేకులును వైశాఖములోగా చేరవలెను. వాన పడిన పిదప ఆ వాగు దాటించుట బండికి శక్యము కాదు.