సర్టిఫికెట్ కన్నా ముందు మీ ఈమెయిల్ మీ చేతికి రావాలి

ఆష్‌బర్న్‌లో ఏ రోడ్డు మీద పోయినా కిటికీల్లేని పెద్ద పెద్ద బిల్డింగులు కనిపిస్తాయి. అవే డేటా సెంటర్లు. ప్రపంచంలో ఇంకెక్కడా ఇన్ని డేటా సెంటర్లు ఒకేచోట లేవు. అందుకే ఈ ప్రాంతాన్ని డేటా సెంటర్ యాలీ అంటారు. ఇక్కడ మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లు కొందరు. వాళ్ల పిల్లల్ని చూసుకుంటూ, వంట చేసిపెడుతూ, ఇళ్లు కడుతూ, రిపేర్లు చేస్తూ బతికేవాళ్లు ఇంకొందరు. ఈ నాలుగు మాటలు ఆ రెండోవాళ్ల కోసం.

"కంప్యూటర్ బేసిక్స్ నేర్చుకో, ఒక సర్టిఫికెట్ తెచ్చుకో, నీ బతుకు మారిపోతుంది" అని మనకి చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. నేర్చుకోవాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ ఎందుకు నేర్చుకుంటున్నాం, ఎవరి డబ్బుతో, ఎవరి టైములో అన్నది ముందే తేల్చుకోవాలి. లేకపోతే ఇంకొకరికి ఇంకో రకంగా బాకీ పడతాం.

ముందు ఈ పరీక్షలేంటో చూద్దాం. కాంప్‌టియా అనే సంస్థ పెట్టే పరీక్షల్లో అన్నిటికన్నా మొదటిది టెక్ ప్లస్. ఇంతకుముందున్న ఐటీ ఫండమెంటల్స్ పరీక్ష స్థానంలో ఇది వచ్చింది. కంప్యూటర్ లోపల ఏముంటుంది, ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుంది, డేటా ఎక్కడ దాస్తారు, దొంగల బారిన పడకుండా ఎలా ఉండాలి, ఇవే ఇందులో అడుగుతారు. దాని పైమెట్టు ఏ ప్లస్. అందులో రెండు పరీక్షలు, ఒక్కోటి 90 నిమిషాలు. పాసైతే సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. హెల్ప్ డెస్క్ ఉద్యోగాలకి అడిగేది ఎక్కువగా ఇదే. వీటికి డిగ్రీ ఉండాలన్న రూలు లేదు. తెలుగులో మాత్రం పరీక్ష లేదు, ఇంగ్లీషులో చదువుకోవాలి.

భయపడాల్సిన చదువేం కాదు. వంటగదిలో గట్టు మీద అప్పటికి కావాల్సినవే పెట్టుకుంటాం, మిగతా సామానంతా స్టోర్ రూంలో ఉంటుంది. కంప్యూటర్‌లో ర్యామ్ అంటే ఆ గట్టు, హార్డ్ డిస్క్ అంటే ఆ స్టోర్ రూం. గట్టు చిన్నదైతే పని నెమ్మదిస్తుంది, కంప్యూటర్‌కీ అంతే. గోడల్లో నెట్‌వర్క్ కేబుల్ లాగిన అన్నకి ఆ కేబుల్ ఏ పెట్టెలోకి పోతుందో తెలుసు. ఆ పెట్టెని పుస్తకంలో ఏమంటారో ఒక్కటే ఆయన నేర్చుకోవాల్సింది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఈ చదువు మనకి ఉద్యోగం కోసం కన్నా ముందు, ఇప్పుడు చేస్తున్న పనికి లెక్క రాసుకోడానికి కావాలి. వర్జీనియాలో 2026 జనవరి 1 నుంచి కనీస వేతనం గంటకు 12.77 డాలర్లు. 2020 నుంచి ఇళ్లల్లో పనిచేసేవాళ్లకీ రాష్ట్ర కనీస వేతన చట్టం వర్తిస్తోంది. కాగితాలు సరిగా లేనివాళ్లకి కూడా చేసిన పనికి ఫెడరల్ కనీస వేతన చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద రెండేళ్ల వెనకటి బాకీ దాకా అడగొచ్చు, యజమాని తెలిసి తెలిసీ ఎగ్గొడితే మూడేళ్ల దాకా. కానీ అడగాలంటే ఏ రోజు ఎన్నింటికి మొదలుపెట్టాం, ఎన్నింటికి దిగాం అన్నది చూపించాలి కదా. నోటి మాటకి, రోజూ రాసి పెట్టుకున్న లెక్కకి ఎంత తేడా ఉంటుందో మేస్త్రీ దగ్గర పనిచేసిన ప్రతివాళ్లకీ తెలుసు. ఒక స్ప్రెడ్‌షీట్‌లో తేదీ, గంటలు, ఇచ్చిన డబ్బు, ఈ మూడు గళ్లు నింపడం వస్తే చాలు, నెలాఖరుకి కూడిక అదే చేసిపెడుతుంది. చేతిరాత నోటుబుక్కు కూడా పనికొస్తుంది. కాకపోతే నోటుబుక్కు ఆ ఇంట్లోనే ఉంటుంది, మన మెయిల్లో దాచిన లెక్క మనతోనే వస్తుంది.

అందుకే ఈమెయిల్ మొదటి పాఠం అంటున్నా. మనలో చాలామందికి ఈమెయిల్ తెరిచి ఇచ్చింది పని ఇచ్చినవాళ్లే. పాస్‌వర్డ్ వాళ్లకి తెలుసు, కోడ్ వాళ్ల ఫోన్‌కి పోతుంది. బ్యాంకు ఖాతా, వీసా కాగితాలు అన్నీ ఆ మెయిల్‌కే ముడిపడి ఉంటాయి. వాళ్లు మంచివాళ్లే కావొచ్చు. అయినా మన ఇంటి తాళంచెవి పక్కింట్లో పెట్టి కాపురం చెయ్యలేం. పరీక్షలో సెక్యూరిటీ పాఠం ఇదే చెప్తుంది: ఖాతా ఎవరిదో పాస్‌వర్డ్ వాళ్లకే తెలియాలి, రెండో తాళం వాళ్ల ఫోన్‌లోనే ఉండాలి. ఈ ఒక్కటి నేర్చుకుని ఈ వారమే చేసేసుకుంటే, పరీక్ష రాయకపోయినా సగం లాభం వచ్చినట్టే.

పరీక్ష రాసేవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. సెంటర్‌లో ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు అసలుది చూపించాలి. చాలామందికి అది పాస్‌పోర్టే. అది యజమాని బీరువాలో ఉంటే పరీక్షకే పోలేరు. బెదిరించో, మోసం చేసో పని చేయించుకోడానికి ఒకరి పాస్‌పోర్టు దాచిపెట్టడం ఈ దేశంలో ఫెడరల్ నేరం. "పరీక్షకి కావాలి, ఇవ్వండి" అని అడగడం మంచి మొదలు. ఇవ్వకపోతే 1-888-373-7888కి ఫోన్ చెయ్యొచ్చు, అది మనుషుల అక్రమ రవాణా మీద పనిచేసే జాతీయ హాట్‌లైన్. రెండోది పేరు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు తారుమారవడం మామూలే. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రిజిస్టర్ చేసుకోవాలి.

ఇక డబ్బు, టైము. కంపెనీ "ఈ కోర్సు చెయ్" అని పంపితే ఆ గంటలకి జీతం ఇవ్వాలి. శిక్షణ గంటలకి జీతం ఎగ్గొట్టాలంటే ఫెడరల్ రూల్స్‌లో నాలుగు షరతులున్నాయి: అది పని గంటల బయట ఉండాలి, మనంతట మనం చేరి ఉండాలి, మనం చేసే పనికి నేరుగా సంబంధం ఉండకూడదు, ఆ టైములో వేరే పని చేయించకూడదు. నాలుగూ కుదిరితేనే జీతం ఇవ్వక్కర్లేదు. ఒక్కటి తప్పినా ఇవ్వాలి. "ఫీజు మేం కడతాం, మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలి" అనే కాగితం పెడితే అక్కడికక్కడ సంతకం చెయ్యొద్దు. ఇంటికి తెచ్చుకుని, చదవగలిగినవాళ్లతో చదివించుకోండి. జీతం తేడాల మీద కార్మిక శాఖ నంబరు 1-866-487-9243.

అమీర్‌పేట గోడల మీద "ట్రైనింగ్ ప్లస్ ప్లేస్‌మెంట్" బోర్డులు చూసి వచ్చినవాళ్లం మనం. ఆ మాట ఇక్కడికీ వచ్చింది. ముందే వేల డాలర్లు కట్టమనేవాళ్లు, చెయ్యని ఉద్యోగాన్ని రెజ్యూమేలో రాస్తామనేవాళ్లు, పరీక్ష ప్రశ్నలే అమ్ముతామనేవాళ్లు తగిలితే దండం పెట్టి పక్కకి తప్పుకోండి. దొరికితే పోయేది మన సర్టిఫికెట్టు, మన వీసా. వాళ్లకి పోయేదేం లేదు. ఇంకో మాట: సర్టిఫికెట్ వర్క్ పర్మిట్ కాదు. హెచ్-4 మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, ఉద్యోగానికి మాత్రం ఈఏడీ కార్డు ఉండాలి. ఒక యజమాని పేరు మీద వీసాతో వచ్చినవాళ్లు వేరేచోట చేరేముందు లాయర్‌ని అడగాలి.

తక్కువ ఖర్చులో చదివే దారులున్నాయి. ఆష్‌బర్న్ లైబ్రరీలో, బ్రాంబుల్టన్ లైబ్రరీలో కంప్యూటర్లు ఉచితంగా వాడుకోవచ్చు. ఏ ప్లస్ పాఠాలన్నీ ప్రొఫెసర్ మెసర్ అనే ఆయన యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టారు. స్టెర్లింగ్‌లో నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ లౌడన్ క్యాంపస్ ఉంది. వర్జీనియా కమ్యూనిటీ కాలేజీల్లో ఫాస్ట్‌ఫార్వర్డ్ పథకం కింద, అర్హత ఉన్న రాష్ట్రవాసులు కొన్ని చిన్న కోర్సులకి ఫీజులో మూడో వంతు కడితే సరిపోతుంది. మీ వీసాకి అర్హత ఉందో లేదో చేరకముందే కాలేజీలో అడగండి.

కానీ వారానికి ఆరు రోజులు, పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా పిల్లల్ని చూసుకునే అక్క ఈ లైబ్రరీకి ఎప్పుడు పోవాలి? కారు లేకపోతే ఎలా పోవాలి? ఇక్కడ అడగాల్సింది ఆమెని కాదు, ఆమెకి పని ఇచ్చిన మనవాళ్లని. మీ ఇంట్లో నాలుగు ల్యాప్‌టాప్‌లున్నాయి. కొత్త టెక్నాలజీ నేర్చుకోమని మీ కంపెనీ మీకు టైము ఇస్తుంది, పరీక్ష ఫీజూ ఇస్తుంది. అదే మర్యాద మీ వంటింట్లో పనిచేసే మనిషికీ ఇవ్వండి. వారంలో ఒక పూట జీతం కొయ్యకుండా సెలవు, ఒక పాత ల్యాప్‌టాప్, లైబ్రరీ దాకా కారులో దింపడం, ఇంతే. తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి హాళ్లు తీసుకుంటాయి. నెలకో ఆదివారం అదే హాల్లో పదిమందికి ఈమెయిల్, స్ప్రెడ్‌షీట్ నేర్పితే అదీ పండగే.

మనవైపు నుంచి మనం చెయ్యాల్సింది ఈ ఆదివారమే మొదలుపెడదాం. పాస్‌వర్డ్ మార్చుకోండి. కోడ్ మీ ఫోన్‌కి వచ్చేలా పెట్టుకోండి. పోయిన వారం చేసిన గంటలు ఒక్కో వరుసలో రాసుకోండి. ఆ తర్వాత టెక్ ప్లస్ పుస్తకం తెరవండి.