"ముల్" అని అడిగిన, "ఏర్" అని అడగలేకపోయిన

అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఈ పోస్ట్ కొంచెం పెద్దగా ఉంటది. ఓపికగా చదవండి. నా మాట నచ్చకపోతే తిట్టండి, కానీ మొత్తం చదివినంక తిట్టండి.

నేను కొరియాలో ఒక సెమిస్టర్ చదివి వచ్చి రెండు నెలలైంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. విమానం సంగతి చెప్పే పనే లేదు. మా కాలేజీకి, అక్కడి యూనివర్సిటీకి ఉన్న ఒప్పందంలో ట్యూషన్ ఫీజు లేదు. టికెట్‌కి, ఖర్చులకి మాత్రం అన్న పత్తి డబ్బులోంచి ఎత్తిపెట్టింది, కొంత అప్పు, కొంత మా సార్లు వేసుకున్న చందా. వచ్చినప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే: "ఎట్ల పోవాలె? ఎంతయితది? పని దొరుకుతదా?"

ముందు దానికి జవాబు చెప్తా. కొరియా ప్రభుత్వమే ఇచ్చే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ ఉంది. ఫీజు, విమానం టికెట్, నెలనెలా ఖర్చులు వాళ్లే ఇస్తరు. డిగ్రీకి ముందు ఒక ఏడాది భాష నేర్పిస్తరు. పీజీకో, పీహెచ్‌డీకో పోవాలనుకునే వాళ్లకు కేంద్ర గిరిజన శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 20 సీట్లే, అందులో 3 ఆదిమ తెగల వాళ్లకు. తెలంగాణలో పీజీకి ఎస్టీ పిల్లలకు 20 లక్షల వరకు ఇచ్చే విదేశీ విద్యా పథకం కూడా ఉంది. "చదువుకుంటూ సంపాదించుకోవచ్చు" అని ఏజెంట్లు చెప్పేది మాత్రం గుడ్డిగా నమ్మకండి. అక్కడ స్టూడెంట్ వీసా మీద పార్ట్‌టైం చెయ్యాలంటే ఇమిగ్రేషన్ ఆఫీసు అనుమతి కావాలె. అనుమతి లేకుండా చేస్తే వీసాకే ముప్పు.

ఇక అసలు మాట. కొరియా పోయి నేను తెలుసుకున్న పెద్ద సంగతి కొరియా గురించి కాదు. నేను నా భాషను ఎట్ల దాచిపెట్టుకుని బతుకుతున్ననో అక్కడ తెలిసింది.

పోయిన మొదటి వారమే జరిగింది. హాస్టల్ గదిలో కూర్చుని అమ్మకు ఫోన్ చేసిన. అమ్మకు తెలుగు అంతంత మాత్రమే, కాబట్టి గోండీలోనే మాట్లాడిన. నా రూమ్మేట్ నాకంటే ఏడాది పెద్ద. అక్కను వాళ్లు "ఒన్నీ" అంటరు, నేనూ అట్లనే పిలిచేదాన్ని. ఫోన్ పెట్టేసినంక ఒన్నీ అడిగింది, "వినడానికి బాగుంది, అది ఏ భాష?" అని. నేను టక్కున "తెలుగు" అన్న.

చూడండి, అక్కడ నన్ను చూసి నవ్వేటోళ్లు ఎవరూ లేరు. గోండులంటే ఎవరో, ఆదివాసీలంటే ఎవరో ఒన్నీకి తెలియదు. అయినా నా నోటికి అబద్ధమే ముందు వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దీని వెనక ఒక కథ ఉంది. మీలో చాలామందికి ఇదే కథ ఉంటది. మూడో తరగతిల ఆశ్రమ పాఠశాలలో వేసినప్పుడు నాకు తెలుగు సరిగ్గా రాదు. దాహమై "ఏర్" అని అడిగిన. మనకు ఏర్ అంటే నీళ్లు. తెలుగు పిల్లలకు ఏరు అంటే వాగు. "ఇది వాగు మొత్తం తాగుతదట" అని క్లాసంతా నవ్వింది. టీచరు కూడా నవ్వింది. ఆమె చెడ్డది కాదు, నన్ను బాగానే చూసుకుంది. కానీ ఆ రోజు నుంచి నలుగురిలో గోండీ మాట్లాడుడు బంద్ చేసిన. డిగ్రీ హాస్టల్‌కి వచ్చినంక కూడా అమ్మ ఫోన్ చేస్తే మెట్ల కిందికి పోయి గుసగుసగా మాట్లాడేదాన్ని.

అదే నేను కొరియాలో ఏం చేసిన్నో తెలుసా? క్యాంటీన్‌లో వడ్డించే ఆమెను పిల్లలందరూ "ఇమో" అంటరు, మనం చిన్నమ్మ అన్నట్టు. మొదటి పాఠంలో నేర్చుకున్న ముక్కతో "ఇమో, ముల్ జుసెయో" అని గట్టిగా అడిగిన. నీళ్లు ఇవ్వండి అని. తప్పు పలికిన్నేమో కూడా తెలియదు. ఆమె మురిసిపోయి నీళ్లతో పాటు ఇంకో గిన్నెడు కిమ్చి పెట్టింది. పరాయి భాషలో నీళ్లడగడానికి లేని సిగ్గు, అమ్మ భాషలో అడగడానికి ఎందుకు?

కొరియన్ అక్షరాలు హాంగుల్ నేను వారం రోజుల్లో కూడబలుక్కున్న. మెట్రోలో స్టేషన్ పేర్లు చదువుతుంటే మళ్లీ ఒకటో తరగతిలో చేరినట్టుంది. ఆ అక్షరాల చరిత్ర క్లాసులో చెప్పినప్పుడు చెవులు నిక్కబొడుచుకుని విన్న. 1443లో సెజోంగ్ రాజు కాలంలో తయారైనయి, 1446లో ప్రజలకు ప్రకటించారు. అప్పటిదాకా చదువంటే చైనా అక్షరాలే. 1444లోనే చోయ్ మన్రి అనే పండితుడు ఇంకొందరితో కలిసి రాజుకు అర్జీ పెట్టాడు. సొంత లిపి పెట్టుకునేది అనాగరిక జాతులు, మనకెందుకు అని ఆయన వాదన. తర్వాత కూడా వందల ఏళ్లు ఆ లిపిని ఆడవాళ్ల రాత, చదువురాని వాళ్ల రాత అని చిన్నచూపు చూశారు. సర్కారు కాగితాల మీదికి అది అధికారికంగా ఎక్కింది 1894లో.

ఇప్పుడు అక్టోబర్ 9 అక్షరాల పండుగ, దేశమంతా సెలవు. ఆ రోజు ఒన్నీతో కలిసి గ్వాంగ్‌హ్వామున్ చౌరస్తాకు పోయిన. సెజోంగ్ పెద్ద విగ్రహం ముందు చిన్నపిల్లలు ఫొటోలు దిగుతున్నరు. ఒక అక్షరమాల కోసం సెలవా అని ముందు నవ్వొచ్చింది, తర్వాత గుంజాల గుర్తొచ్చింది. నార్నూర్ మండలంలో మన గుంజాల. అక్కడి పెద్దలు దాచిన గోండీ లిపి రాతప్రతులను జయధీర్ తిరుమలరావు సార్ లాంటి వాళ్లు లోకానికి చూపించారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో దానికి చోటు దొరికింది. మరి నాకు ఆ లిపిలో నా పేరు రాయడం వచ్చా? రాదు. కొరియన్‌లో రాయడం వచ్చు, గోండీలో రాదు.

జపాన్ ఏలిన కాలంలో కొరియన్ల మీద పడ్డ బాధ ఇంకా పెద్దది. 1938 నుంచి బడుల్లో కొరియన్ భాషను పక్కకు నెట్టారు, తర్వాత పేర్లు కూడా జపాన్ పేర్లుగా మార్చుకోమన్నారు. నిఘంటువు తయారుచేస్తున్న భాషా సంఘం వాళ్లను 1942లో పట్టుకుపోయారు. ఇద్దరు జైల్లోనే చనిపోయారు. పోయిందనుకున్న ఆ నిఘంటువు కాగితాలు 1945లో, స్వాతంత్ర్యం వచ్చినంక, సియోల్ రైల్వే స్టేషన్ గోదాంలో దొరికినయి. 1947లో మొదటి సంపుటం అచ్చయింది. పాత స్టేషన్ ఎర్ర ఇటుకల బిల్డింగ్ ఇప్పటికీ ఉంది. దాని ముందు నిలబడి నేను చాలాసేపు కదల్లేదు.

ఇంతవరకు చదివి "కొరియా వాళ్లు గొప్పోళ్లు, మనమే ఇట్ల" అనుకోకండి. నేనూ అట్లనే అనుకున్న, జెజు ద్వీపం పోయేదాకా. నవంబర్ చివర్లో చవక టికెట్ దొరికితే గింపో ఎయిర్‌పోర్ట్ నుంచి పోయినం. గంట ప్రయాణం. నల్లరాళ్ల గోడలు, గోడల వెనక నారింజ తోటలు. సముద్రంలో సిలిండర్ లేకుండా మునిగి నత్తలు, గుల్లలు తెచ్చే ముసలమ్మలు, వాళ్లను హేన్యో అంటరు. ఆ ద్వీపానికి సొంత మాట ఉంది. బోర్డుల మీద "హొన్‌జొ ఒప్సొయే" అని రాసి ఉంటది, రండి రండి అని. కానీ పండ్లు అమ్మే అవ్వ మాట్లాడితే పక్కనున్న మనవడు సియోల్ మాటలో జవాబిస్తున్నడు. ఒన్నీని అడిగితే "అవ్వ మాట నాకూ సగం అర్థం కాలేదు" అన్నది. 2010లోనే యునెస్కో ఆ భాషను పూర్తిగా అంతరించే ప్రమాదంలో ఉన్నదని చెప్పింది. మాట్లాడేటోళ్లు ఎక్కువగా ముసలోళ్లే.

అక్కడ జపాన్ వాడు లేడు. బడిలో, ఆఫీసులో సియోల్ మాటే మర్యాద మాట అయింది, ద్వీపం మాట మోటు మాట అయింది. పిల్లలు సిగ్గుపడ్డరు, అంతే. పరాయివాడి లాఠీకి నిలబడ్డ భాష, సొంతోళ్ల నవ్వుకు నిలబడలేకపోయింది. మన గోండీకైనా, కొలామీకైనా, కోయకైనా, సవరకైనా వచ్చిన ఆపద ఇదే. మన మీద ఇవ్వాళ నిషేధం ఏమీ లేదు. నవ్వు ఉంది, దానికి భయపడి మూసుకున్న మన నోరు ఉంది.

"గోండీ అన్నం పెడతదా?" అని అడిగే అన్నలకు ఒక మాట. నన్ను డిగ్రీ దాకా తెచ్చింది తెలుగే, కొరియా దాకా తీసుకుపోయింది ఇంగ్లీషే. అవి వద్దని నేను ఎన్నడూ అనను. కొరియా పిల్లలు కూడా ఇంగ్లీష్ ట్యూషన్ల కోసం రాత్రి దాకా బయటే ఉంటరు. కానీ ఇంగ్లీష్ కోసం కొరియన్ వదిలిపెట్టలేదు. ఇంకోటి ఆలోచించండి. ఒకప్పుడు సొంత పండితులే వద్దన్న లిపిని ఇయ్యాల మన హైదరాబాద్ పిల్లలు ఫీజు కట్టి నేర్చుకుంటున్నరు. ఆ లిపి మారలేదు. దాన్ని రాసే జనం నిలబడ్డరు, అందుకే దానికి విలువ వచ్చింది.

2011 లెక్కల్లో గోండీ మాట్లాడేటోళ్లం దాదాపు 30 లక్షలు. 2003లో సంతాలీ, బోడో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోకి ఎక్కినయి, గోండీ ఇంకా బయటే ఉంది. చిన్న తరగతుల్లో పిల్లలకు అమ్మ భాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని 350ఎ అధికరణం చెప్తది. అది అడగాల్సిందే. ఆశ్రమ పాఠశాలల్లో మొదటి తరగతుల పిల్లలకు అమ్మ భాష తెలిసిన టీచరు ఉండాలె. కానీ అర్జీ రాసేముందు మన మెట్ల కింది గుసగుసలు బంద్ కావాలె. హాస్టల్‌లో వారానికి ఒక గంట లిపి కోసం కూర్చుందాం. నేర్పడానికి ఊరి పెద్దలను పిలుద్దాం. ఈ గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు ఎవరి భాషలో వాళ్లు పెడదాం, అర్థం కానోళ్లు అడిగి తెలుసుకుంటరు.

కొరియా నుంచి వచ్చే ముందు ఒన్నీకి నిజం చెప్పిన. అది తెలుగు కాదు, గోండీ అని. ఆమె "మరి అప్పుడెందుకట్ల చెప్పినవ్?" అని అడగలేదు. "నా పేరు మీ అక్షరాల్లో రాసివ్వు" అన్నది. నాకు రాదు కదా. రెండు రాత్రులు ఫోన్‌లో అక్షరాల పట్టిక పెట్టుకుని దిద్దిన. వంకరటింకరగా రాసిచ్చిన. తన టేబుల్ మీద గోడకు అంటించుకుంది.

ఇంటికొచ్చినంక మా చిన్న చెల్లెను చూడ్డానికి ఆశ్రమ పాఠశాలకు పోయిన. నాలుగో తరగతి. నేను గోండీలో పలకరిస్తే అది అటూ ఇటూ చూసి తెలుగులో జవాబిచ్చింది. "అక్కా, మెల్లగ మాట్లాడు, అందరూ వింటున్నరు" అన్నది. నేను మెల్లగ మాట్లాడలేదు. "ఏర్ తాగుతవా?" అని గట్టిగనే అడిగిన. పక్కనున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు నవ్విన్రు. చెల్లె తల దించుకుంది. కానీ సీసా అందుకుని తాగింది.

వచ్చే ఆదివారం మళ్లీ పోత. మీరు కూడా మీ తమ్ముళ్ల దగ్గరికి, చెల్లెళ్ల దగ్గరికి పోండి. జై సేవా.