పాత పాట తెరుచుకోవాలి కదా బాస్!

యాప్ అప్‌డేట్ చేయగానే అలవాటైన బటన్ ఇంకో మూలకి పోతే చిరాకొస్తుంది. రెండు తిట్లు తిట్టుకుని వారంలో అలవాటు పడిపోతాం. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో సంగతి అంత తేలిగ్గా పోదు. అక్కడ మూడేళ్ల కిందట చేసిన పాటే మారిపోవచ్చు.

శాంప్లర్ ప్లగిన్‌నే తీసుకోండి. ఐఫోన్ గ్యారేజ్‌బ్యాండ్‌లో మైక్ దగ్గర చప్పట్లు కొట్టి, ఆ శబ్దాన్నే కీబోర్డు మీద సరిగమలుగా వాయించే ఆప్షన్ ఉంటుంది చూడండి, అదే శాంప్లర్. స్టూడియోల్లో వాడేవి ఇంకా పెద్దవి. పియానోకి 88 మెట్లు. ఒక్కో మెట్టునీ మెల్లగా, గట్టిగా నాలుగు రకాలుగా నొక్కి రికార్డు చేస్తే 352 ముక్కలు. ముక్కకి 10 సెకన్లు, స్టీరియో, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేసుకున్నా దాదాపు 1 జీబీ! వీటిలో ఏది ఎప్పుడు మోగాలి, ఎలా ఆగాలి అన్న లెక్కంతా ఒక చిన్న ఫైల్లో ఉంటుంది. కొందరు నెలల తరబడి కూర్చుని తయారుచేసుకునేది ఆ ఫైలునే.

ఇక యూజర్లు అడుగుతుంటారు. స్క్రీన్ పాతబడింది, ఇంకో నాబ్ కావాలి, ఆ బగ్ తీసేయండి. అన్నీ న్యాయమైన కోరికలే. కానీ పాత వీఎస్‌టీ2 పద్ధతిలో ప్లగిన్ నాబ్‌లను మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ వరస నంబరుతోనే గుర్తుపెట్టుకుంటుంది. అడిగారు కదా అని కొత్త నాబ్‌ని ఐదో నంబరులో దూరిస్తే, పాత ఐదు కాస్తా ఆరైపోతుంది. పాత పాటలో వాల్యూమ్ తగ్గాల్సిన చోట ఇంకేదో తిరుగుతుంది. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకున్న డెవలపర్ కొత్త నాబ్‌ని స్క్రీన్ మీద ఎక్కడ చూపించినా, నంబరు మాత్రం చివర్లో ఇస్తాడు. బగ్ కూడా అంతే. ఫిల్టర్ కొంచెం తేడాగా మోగుతుంటే, ఆ తేడా నచ్చే ఎవరో పాట మిక్స్ చేసి ఉంటారు. సరిచేశారంటే వాళ్ల పాట చెడిపోయినట్టే!

లాజిక్ కథ చూడండి. ఎమాజిక్ అనే జర్మన్ కంపెనీ చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌లో ఈఎక్స్‌ఎస్24 అనే శాంప్లర్ ఉండేది. 2002లో యాపిల్ ఆ కంపెనీని కొనేసి, విండోస్ వెర్షన్ ఆపేసింది. విండోస్ యూజర్ల ముందు మిగిలినవి రెండే దారులు: మ్యాక్ కొనుక్కోవడం, లేదా ఇంకో సాఫ్ట్‌వేర్ మొదట్నుంచీ నేర్చుకోవడం. ఇక్కడ ఫీడ్‌బ్యాక్‌కి చోటెక్కడిది?

మ్యాక్‌లో మాత్రం ఈఎక్స్‌ఎస్24 ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు. ఎడిటర్ వేరే విండోలో తెరుచుకునేది, చూడ్డానికి పాత బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లా ఉండేది. 2020 మేలో వచ్చిన లాజిక్ 10.5లో దాన్ని తీసేసి ‘శాంప్లర్’ పెట్టారు. ఒకటే విండో, శబ్దాన్ని లాగి పడేస్తే చాలు. పేరు, స్క్రీన్ అన్నీ మారాయి. కానీ పాత ఈఎక్స్‌ఎస్ ఫైళ్లు అందులోనూ తెరుచుకుంటాయి. అదే కంపెనీ, పద్దెనిమిదేళ్ల తేడాతో రెండు నిర్ణయాలు. నాకు రెండోదే నచ్చింది. స్క్రీన్ బాలేదన్నవాళ్ల మాట విన్నారు, ఏమీ అనకుండా పనిచేసుకుంటున్నవాళ్ల ఫైళ్లూ కాపాడారు. ఈ రెండోరకం వాళ్లు రివ్యూలు రాయరు. పాట తెరుచుకోని రోజునే రాస్తారు, అదీ ఒక్క స్టార్ ఇచ్చి.

మీరూ ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో పాటలు చేస్తుంటే, పాట పూర్తవగానే ఒక్కో ట్రాక్‌నీ విడిగా వేవ్ ఫైల్‌గా దాచుకోండి. స్టోరేజ్ తింటుంది, నిజమే. కానీ దాన్ని వినడానికి ఏ ప్లగినూ అక్కర్లేదు.