ఇంటి వ్యాపారము: మనస్సు చెప్పు మాట, లెక్క చెప్పు మాట

పోయిన మాసమున ఊరగాయ జాడీలకు వాసెన కట్టుటను గూర్చి మేము వ్రాసినదానికి చాల జాబులు వచ్చినవి. వానిలో ఒకటి మాత్రము వాసెనను గూర్చినది కాదు. ఒక సోదరి రెండేండ్లుగా ఇంటనే రవికెలు కుట్టి సంపాదించుచున్నదట. ఇటీవల ముందరి గదిలో రెండవ కుట్టుమిషను వేసి, ఒక పిల్లను పనికి పెట్టుకొన్నదట. "పగలు పని బాగుగనే సాగుచున్నది. రాత్రి దీపము ఆర్పగానే, నీ వెంతదానవు, నీకు వ్యాపారమేల, రేపో మాపో నలుగురును నవ్వుదురని లోపలినుండి ఎవరో చెప్పుచున్నట్లుండును. ధైర్యము కలుగుటకు ఏదైన శ్లోకమో స్తోత్రమో తెలుపుడు" అని ఆమె కోరినది.

శ్లోకములు మాకును కొన్ని వచ్చును. మా తండ్రిగారు ఇంట కూర్చుండబెట్టి చెప్పించినవి భారత భాగవతములే కదా! కాని శ్లోకము చదివినంతనే ఆ గొంతు అణగునని మేము చెప్పజాలము. కావున మాకు జరిగినదానినే చెప్పుదుము.

గత సంవత్సరము వైశాఖమున మేము అరువది సీసాల ఆవకాయ పెట్టితిమి. అంతకుముందు రెండేండ్లు పదియో పదునైదో సీసాలు తెలిసినవారికి అమ్మిన అనుభవమే కాని, ఇంత పని ఎన్నడును తలకెత్తుకొన్నవారము కాము. ఒక అంగడివాడు ఇరువది తీసికొందు ననెను. హైదరాబాదునుండి ఫోనులో అడిగినవారు కొందరు. కొత్తపల్లి కొబ్బరికాయలకు, పప్పునూనెకు, సీసాలకు ముందుగా సొమ్ము కావలసివచ్చినది. బడిపంతులుగారి జీతములో నెలాఖరుకు మిగులున దెంతయో మీకు చెప్పనక్కరలేదు. మా అత్తగారు ఏమియు ననక మెడలోని నానుతాడు తీసి మా చేతిలో పెట్టిరి. దానిని బ్యాంకులో కుదువబెట్టితిమి.

జ్యేష్ఠము ముగియకముందే సీసాలు తిరిగివచ్చుట మొదలైనది. మూత తీయగానే పైన తెల్లని బూజు. లెక్కకు పదునొకండు వచ్చినవి. వానిలో ఆరింటిని అంగడివాడు తానే మోసికొని వచ్చి, మా అరుగుమీద వరుసగా పెట్టి, వీథిని పోవువారు నిలిచి చూచుచుండగా, "అమ్మా, ఇది ఇంటి వంట కాదు, వ్యాపారము" అని చెప్పి పోయెను.

అతడు చెప్పినది ఒక్క మాట. రాత్రి మా మనస్సు దానికి వ్యాఖ్యానము వ్రాయ నారంభించెను. "నీకు ఊరగాయ పెట్టుటయే రాదు. ఇన్నాళ్ళు తిన్నవారు మొగమాటమునకు మెచ్చుకొనిరి. మిగిలిన నలువదితొమ్మిదియు తిరిగివచ్చును. అత్తగారి నాను పోవును. పంతులుగారి భార్య ఆవకాయ అమ్మబోయి అప్పుల పాలయ్యెనని బడిలో పిల్లలు కూడ చెప్పుకొందురు." ఇట్లు నాలుగు రాత్రులు గడచినవి. సీసాలు తిరిగివచ్చిన సంగతి అత్తగారికి చెప్పలేదు. ఆమె మధ్యాహ్నము నిదురించు వేళ జరిగినది కనుక ఆమెకు తెలియదనుకొంటిమి.

మావారు మాత్రము గ్రహించిరి. గ్రహించి, విఘ్నభయముచేత పనికి పూనుకొననివారు అధములనియు, పూని మధ్యలో విడుచువారు మధ్యములనియు భర్తృహరి చేసిన విభాగమును పద్యముతో సహా వినిపించిరి. పద్యము మంచిదే, వినిపించిన వేళయే మంచిది కాదు. అధమతరగతినుండి మధ్యమతరగతికి వచ్చితిమను సంతోషము తప్ప మాకు దానివలన ఏమియు మిగులలేదు. భర్తలు ఈ పుట చదువుచున్నచో ఈ విషయము గమనింతురు గాక.

అయిదవనాటి ఉదయమున అత్తగారు తాముగనే అడిగిరి: "ఏ సీసాలమ్మాయీ పాడైనవి?" ఎన్ని అనిగాని, ఎందుకు చెప్పలేదనిగాని, నా నాను సంగతి ఏమనిగాని వారు అడుగలేదు. ఏ సీసాలని మాత్రమే అడిగిరి.

మేము ప్రతి సీసాకును అంకె అంటించి, ఏనాడు కడిగినది, ఏనాడు నింపినది లెక్కపుస్తకములో వ్రాయుట అలవాటు చేసికొంటిమి. పుస్తకము తెచ్చి చూడగా ఆ పదునొకండును మూడవనాడు కడిగినవే. ఆనాడు మబ్బు పట్టియుండెను. సీసాలు ఎండక, లోపలి చెమ్మ ఆరకయే మేము తొందరపడి నింపితిమి. మొదటి రెండునాళ్ళ సీసాలలో ఒక్కటియు చెడలేదు. కాయ అదే, కారము అదే, ఉప్పు అదే, చేయియు అదే. ఊరగాయకు నీటిచుక్క శత్రువని పదేండ్ల పిల్లకును తెలిసిన సంగతియే. అయినను నాలుగు రాత్రులు మేము మా జన్మమును విచారించితిమి గాని సీసాను విచారింపలేదు.

సందేహము లన్నియు ఒక జాతివి కావని మాకు అప్పుడు తోచినది. వస్తువును గూర్చిన సందేహ మొకటి: సీసా ఆరినదా, నూనె ముక్కలపైకి తేలినదా, ఆహారభద్రతా చట్టము క్రింద నమోదు చేయించితిమా అనునవి. ఇవి మంచి సందేహములు. ఒక పని చేసినచో తీరును. వీనిని త్రోసివేయు వ్యాపారి చెడును. రెండవది మనలను గూర్చినది: నీ వెంతదానవు? దీనికి చేయదగిన పని లేదు, కావున తీరుట లేదు. చిక్కేమనగా ఈ రెండవది వచ్చునప్పుడు మొదటిదాని చీర కట్టుకొని వచ్చును. "సీసాలు పాడైనవి" అని నిజముతో మొదలుపెట్టి, "కావున నీవు పనికిరావు" అని ముగించును. నడుమనున్న "కావున" అను మాటను పట్టుకొనవలయును.

దీనిని పట్టుకొను విధము వైద్యులు కూడ చెప్పియున్నారు. 1960 తరువాతి దశాబ్దమున అమెరికాలో ఆరన్ బెక్ అను మనోవైద్యుడు, దిగులుపడినవారికి తమంతట తోచు తలపులను కాగితముపై వ్రాయించి, దానికి సాక్ష్యమేది, ప్రతిసాక్ష్యమేది అని విచారింపజేయు చికిత్సను నెలకొల్పెను. అది ఇప్పుడు దేశదేశముల వాడుకలో నున్నది. మేము లెక్కపుస్తకపు చివరి పుటలలోనే నిలువుగా గీత గీచితిమి. ఎడమవైపు మనస్సు చెప్పినది, కుడివైపు పుస్తకము చెప్పినది. "అన్నియు తిరిగివచ్చును" అని ఎడమవైపు. "60లో 11, ఒకనాటివే" అని కుడివైపు. "మొగమాటమునకు మెచ్చుకొనిరి" అని ఎడమవైపు; "ఏడు ఇండ్లవారు రెండవసారి అడిగి కొనిరి, మొగమాటమునకు ఎవరును రెండుమార్లు సొమ్మియ్యరు" అని కుడివైపు. కుడివైపు వ్రాయుటకు ఏమియు దొరకని మాటలును కొన్ని యుండును. మాకు అట్టిది ఒకటి దొరకినది, దాని సంగతి ముందు చెప్పుదుము. ఇదంతయు పగటిపూట చేయవలెను. రాత్రి పుస్తకము తెరచినచో రెండు వైపులను మనస్సే వ్రాయును.

బొంబాయి అప్పడముల కథ మీలో చాలమంది వినియుందురు. 1959 మార్చి 15వ తేదీన గిర్గాములో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడమీద కూర్చుండి అప్పడములు వత్తిరి. మొదటినాడు అయినవి నాలుగు పొట్లములు. వారి సంఘమే లిజ్జత్ అను పేర పెద్దదైనది. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చిరి. మాకు నచ్చినది పద్మశ్రీ కాదు, మొదటి సంవత్సరపు వర్షాకాలము. వానలకు అప్పడములు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయెను. నాలుగు నెలలు! మాకు నాలుగు రాత్రులకే తల తిరిగినది. ఆ నాలుగు నెలలు వారి మనస్సులు వారితో ఏమి చెప్పెనో చరిత్రలో వ్రాయబడలేదు గాని, మరుసటి యేడు వారు చేసిన పని వ్రాయబడినది: ఒక మంచమును, ఒక పొయ్యియు కొనిరి. మంచముమీద అప్పడములు, క్రింద పొయ్యి. వాన తన దారిన కురిసినది, అప్పడములు వాని దారిని ఎండినవి.

విరాటపర్వమున ఉత్తరుని చూచి నవ్వనివారు లేరు. అంతఃపురమున ఆడువారి నడుమ కూర్చుండి కౌరవులనందరను గెలిచెదనని పలికి, సేనను చూచినంతనే రథము దూకి పరుగెత్తెను. మేమును చిన్ననాడు నవ్వితిమి. ఇప్పుడు బృహన్నల చేసినదానిని చూచుచున్నాము. ఆమె వెంటబడి పట్టుకొని, వెనుకకు తెచ్చి, నీవు యుద్ధము చేయవలదు, పగ్గములు పట్టుమనెను. జమ్మిచెట్టెక్కి ఆయుధములు దింపుమనెను. వీరుడవు కమ్మనలేదు, చెట్టెక్కు మనెను. ఆ భయస్థుడే ఆ దినమున అర్జునునికి సారథ్యము చేసెను. భయము పోయిన పిదప చెట్టెక్కెనని కవి చెప్పలేదు. మేమును ఆనాడు మిగిలిన నలువదితొమ్మిది సీసాలు కొన్నవారికందరకు ఫోను చేసి, మూత తీసి చూడుడని చెప్పితిమి. చేయునప్పుడు చేయి వణకుచునే యుండెను. ఏడెనిమిది ఫోనుల తరువాత వణకుట మాని, నొప్పి పుట్టుట మొదలైనది.

ఇక కుడివైపు జవాబు దొరకని మాట సంగతి. "నీవు వ్యాపారము చేయుట లేదు, ఆడుకొనుచున్నావు" అని మనస్సు చెప్పినది. దీనికి ప్రతిసాక్ష్యము వెదకి లెక్కలన్నియు తీసితిమి. కిలో ఊరగాయకు సరకులును, తరుగుడుకూలియు కలిపి 250 రూపాయలు, సీసాకు, చీటికి 30, వెరసి 280. మేము అమ్మినది 320కి. మిగిలినది సీసాకు 40, అరువదింటికి 2,400. మేమును అత్తగారును తొమ్మిది దినములు నడుము వంచితిమి. కాయలు తరిగిన మనిషికి దినమునకు 500 ఇచ్చితిమి. మా ఇద్దరకు కలిపి దినమునకు 267 అయినను పడలేదు. పాడైన పదునొకండు సీసాలకు 3,520 తిరిగి ఇచ్చితిమి గనుక అదియును పోయి 1,120 నష్టము వచ్చినది. మా మనస్సు ఆ ఒక్కసారి నిజమే చెప్పినది.

320 అని వెల పెట్టినదెవరు? ఆ రాత్రి గొంతే. "ఇంతకంటె ఎవరిత్తురు నీకు?" అని అది అడిగినది, మేము తలవంచితిమి. సోదరీమణులారా, స్త్రీలు తమ సరకునకు పెట్టు వెలలలో ఎన్నిటిని లెక్క నిర్ణయించినదో, ఎన్నిటిని బెరుకు నిర్ణయించినదో మీరే విచారింపుడు. మనము పప్పునూనెకు వెల కట్టుదుము, మిరపకాయకు కట్టుదుము. మన మధ్యాహ్నములకు కట్టము. ఇంటిపనికి ఎవరును కూలి ఇయ్యలేదు గనుక, అదే చేయి అంగడికి చేసినప్పుడును కూలి అడుగుటకు నోరు రాదు. తెలిసినవారు బాకీ పెట్టినను అడుగము. ఔదార్య మనుకొందుము గాని, అందులో సగము భయమే. రవికెలు కుట్టు సోదరి తన పిల్లకు కూలి ఇచ్చిన పిదప తనకు ఎంత మిగులుచున్నదో పగటిపూట కూర్చుండి వ్రాసి చూడవలెనని మా కోరిక.

ఈ యేడు మేము 450 అని వెల పెట్టితిమి. చెప్పునప్పుడు మొదటి రెండుసార్లు క్షమార్పణ వేడుచున్నట్లు చెప్పితిమి. మూడవసారి అంకె చెప్పి ఊరకుంటిమి. పాత ఇండ్లు పదునెనిమిదిలో నాలుగు మానుకొన్నవి. అంగడివాడు ముందుగా తానే పన్నెండు సీసాలు చెప్పెను. అరుగుమీది సంగతి అతడును ఎత్తలేదు, మేమును ఎత్తలేదు.

మెప్పును గూర్చియు ఒక మాట. 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అను ఇద్దరు అమెరికా మనస్తత్త్వ పండితురాండ్రు, పెద్ద చదువులు చదివి పేరు గడించిన నూరేబదికి పైగా స్త్రీలను గూర్చి వ్రాయుచు, వారిలో అనేకులు తాము అర్హులు కామనియు, లోకమును మోసగించుచున్నామనియు, ఏదో ఒకనాడు బయటపడుదుమనియు లోలోపల నమ్మిరని తెలిపిరి. ఇది చదివిన పిదప మాకు కొంత నవ్వు వచ్చినది. పట్టములు పొందినవారికే ఇట్లున్నచో, పప్పునూనె జిడ్డు చేతులతో మనము దిగులుపడుట వింత కాదు. మెప్పు వచ్చిన దినమున తేదీ వేసి పుస్తకములో వ్రాసికొనుడు. మనస్సు నిందలను కంఠస్థము చేయును గాని మెప్పును చేయదు.

ఒక సంగతి మాత్రము లెక్కపుస్తకమునకు లోబడదు. రెండు వారములు దాటినను నిద్రాహారములు లేక, ఏ పనియందును ఇచ్ఛ కలుగక, బ్రదుకే వలదనిపించినచో అది వ్యాపారపు దిగులు కాదు, జబ్బు. జ్వరమునకు పోయినట్లే వైద్యునికడకు పోవలెను. టెలి మానస్ అను ప్రభుత్వపు ఫోను సేవ 2022నుండి ఉన్నది. 14416 అను అంకెకు సొమ్ము లేకయే మాటలాడవచ్చును. ఇందులో సిగ్గుపడవలసినది లేదు.

అత్తగారి నాను ఇంకను బ్యాంకులోనే యున్నది. ఆషాఢమాసాంతమునకు విడిపింతుమని పుస్తకము చెప్పుచున్నది. మనస్సు వేరొకటి చెప్పుచున్నది, దానిని ఎడమవైపు వ్రాసియుంచితిమి. ఇది వ్రాయుచుండగా పెరటిలో నలువదియెనిమిది సీసాలు బోరగిలి ఎండుచున్నవి. పడమట మబ్బు లేచుచున్నదని అత్తగారు పిలుచుచున్నారు. లేచి లోపల పెట్టవలయును. ఎండ రానిచో నింపుట రేపటికి.